రెండో అంతస్తు, లిఫ్టు లేదు, కారు లేదు: ఏ ప్రామ్ (పిల్లల బండి) కొనాలి?

"అక్కా, మాది గుంటూరు. ఇప్పుడు లండన్‌లో ఈస్ట్ హామ్‌లో ఉంటున్నాం. నాకు ఏడో నెల, జనవరి రెండో వారంలో డెలివరీ అన్నారు. మాకు కారు లేదు, ఇప్పట్లో కొనే ఆలోచనా లేదు. ఇల్లు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మొన్న ఒక షాపుకి వెళ్తే కార్ సీటు, క్యారీకాట్ (బిడ్డని పడుకోబెట్టే తొట్టి), కూర్చునే సీటు అన్నీ కలిపి 'ట్రావెల్ సిస్టమ్' అని 850 పౌండ్లు చెప్పారు. మేం అనుకున్నది 200. మా ఆయనేమో 'బిడ్డ కోసమే కదా, కొనేద్దాం' అంటున్నారు. అత్తగారు ఫోన్‌లో 'పుట్టకముందు బండి ఇంట్లోకి తేవద్దు, అందులోనూ నల్లది అసలొద్దు' అంటున్నారు. అమ్మ డిసెంబర్ చివర్లో వస్తుంది. సెకండ్ హ్యాండ్‌ది కొంటే తప్పా? అసలు ఏం చూసి కొనాలి? చాలా టెన్షన్‌గా ఉంది."

నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ 'మీరు' మానేస్తున్నాను. ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. 200 పౌండ్లు చాలు. సరిగ్గా చూసుకుంటే అందులో కొంత మిగులుతుంది కూడా.

షాపులో వాళ్ళు నిన్ను ఏం అడిగి ఉంటారో నాకు తెలుసు. సీటు అమ్మ వైపు తిరగాలా, రోడ్డు వైపు తిరగాలా? హ్యాండిల్‌కి లెదర్ కావాలా? కప్పు పెట్టుకునే హోల్డర్ కావాలా? మీ ఇంటికి ఎన్ని మెట్లున్నాయని మాత్రం అడగరు. నేను అదే అడుగుతాను. ఎందుకంటే ఈ పాఠం నేను ఒళ్ళు నొప్పులతో నేర్చుకున్నాను.

మా పెద్దాడు పుట్టినప్పుడు మేమూ ఇక్కడే, ఒక షాపు పైన మొదటి అంతస్తులో ఉండేవాళ్ళం. అందరూ కొంటున్నారని పెద్ద ట్రావెల్ సిస్టమ్ కొన్నాం. చూడ్డానికి రథంలా ఉండేది. క్యారీకాట్‌తో కలిపి 14 కిలోలు. మొదటి రోజు ఒక్కదాన్నే బయటికి వెళ్ళి తిరిగొచ్చాక మెట్ల కింద నిలబడి ఆలోచనలో పడ్డాను. ముందు పిల్లాణ్ణి పైకి తీసుకెళ్తే బండి రోడ్డు మీద ఉంటుంది. ముందు బండి తీసుకెళ్తే పిల్లాడు ఎక్కడ ఉంటాడు? రెండూ ఒకేసారి మొయ్యలేను. చివరికి పిల్లాణ్ణి పైన మంచంలో పడుకోబెట్టి, తలుపు తీసే ఉంచి, కిందికి పరుగెత్తి, బండిని ఒక్కో మెట్టూ లాక్కుంటూ వచ్చాను. పైనుంచి ఏడుపు. రెండు వారాల తర్వాత ఆ రథం ఇంట్లోనే బట్టలు ఆరేసుకునే స్టాండ్ అయింది. పిల్లాడు నా గుండెల మీద గుడ్డలో తిరిగాడు.

నీది రెండో అంతస్తు. పైగా ఒకవేళ సిజేరియన్ అయితే, కోలుకునేదాకా బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తొద్దంటారు ఇక్కడి డాక్టర్లు. ఆరు వారాల దాకా ఆ జాగ్రత్త తప్పదనుకో. కింద మెట్ల దగ్గర వదిలేద్దామా అంటే, ముందు మీ ఇంటి ఒప్పందం చదువు. అందరూ నడిచే దారిలో బండ్లూ సైకిళ్ళూ పెట్టొద్దని చాలా బిల్డింగుల్లో గట్టిగానే చెప్తారు. నిప్పంటుకుంటే బయటికి పరుగెత్తే దారి అదే. 2017లో ఇక్కడ లండన్‌లోనే గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన అపార్ట్‌మెంట్ కాలిపోయాక ఈ విషయంలో ఎవరూ చూసీ చూడనట్టు వదిలేయడం లేదు. కింద తాళం వేసుకునే గది ఏదైనా ఉంటే మాత్రం నీ అదృష్టం. ఓనర్‌ని ఈ వారమే అడుగు, ఎందుకంటే ఆ ఒక్క జవాబుతో నువ్వు కొనే బండే మారిపోతుంది.

గది లేదనే అనుకుని చెప్తున్నాను. నీకు కావలసింది ఏడు, మహా అయితే ఎనిమిది కిలోల లోపు ఉన్న బగ్గీ, అంటే మడిచే తేలిక బండి. ఒంటి చేత్తో మడవగలగాలి. మడిచాక తనంతట తాను నిలబడాలి, లేదా భుజానికి తగిలించుకునే పట్టీ ఉండాలి. వెనక్కి వాల్చితే బిడ్డ వెల్లకిలా చదునుగా పడుకోవాలి. ఈ నాలుగూ ఉంటే మిగతావన్నీ సోకులే.

వీటిలో రాజీ పడకూడనిది ఆఖరుదే. పుట్టిన బిడ్డ మెడ నిలవదు. కూర్చున్నట్టు వాలిపోతే గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి దారి నొక్కుకుపోవచ్చు. అందుకే బిడ్డ మెడ నిలిపి, ఆసరా లేకుండా కూర్చునేదాకా, అంటే దాదాపు ఆరు నెలలు, బండిలో చదునుగా పడుకోవడమే మంచిది. చౌకగా దొరికే సన్నటి గొడుగు మడత బగ్గీలు చాలావరకు ఆరు నెలలు దాటిన పిల్లలకే పనికొస్తాయి. 'ఫ్రమ్ బర్త్' అని రాసి ఉన్నవి కూడా కొన్ని పూర్తిగా పడుకోవు, ఏటవాలుగా ఆగిపోతాయి. లేబుల్ చూసి ఊరుకోకు. వాల్చి, చెయ్యి పెట్టి చూడు.

అన్నట్టు, ఆ గొడుగు మడత బగ్గీ పుట్టిందే నీలాంటి వాళ్ళ కష్టం చూసి. ఓవెన్ మెక్లారెన్ అని ఒక రిటైరైన విమాన ఇంజనీరు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ విమానాల కింది చక్రాల చట్రం మీద పని చేసినవాడు. విదేశం నుంచి వచ్చిన కూతురు బరువైన ప్రామ్‌తో అవస్థ పడుతుంటే చూశాడట. విమానానికి చక్రాలు లోపలికి ముడుచుకుంటున్నప్పుడు పిల్లల బండి ఎందుకు ముడుచుకోదు అనుకుని, 1965లో అల్యూమినియం గొట్టాలతో మూడు కిలోలు కూడా లేని బగ్గీకి పేటెంట్ వేశాడు. నాన్నలు రథాలు కొనడమే కాదు, అప్పుడప్పుడు పనికొచ్చే పనులు కూడా చేస్తారని మీ ఆయనకి చెప్పు.

ఇప్పుడు పరీక్ష. షాపుకో, సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్ళ ఇంటికో వెళ్ళేటప్పుడు ఐదు కిలోల సోనా మసూరి బస్తా ఒకటి మీ ఆయన చేత పట్టించుకెళ్ళు. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. రెండు నెలలకి బిడ్డ దాదాపు అంత బరువుంటుంది. ఆ బస్తా ఎడమ చేత్తో భుజానికి ఆనించుకుని, కుడి చేత్తో బండి మడిచి, పైకెత్తి పది మెట్లు ఎక్కాలి. నువ్వు ఇప్పుడు ఏడో నెల కాబట్టి ఆ సర్కస్ నువ్వు చెయ్యకు, మీ ఆయనే చేస్తారు. నువ్వు పక్కన నిలబడి చూడు. ఆయన రెండో చెయ్యి వాడితే ఆ బండి వద్దు. కాలితో తన్నాల్సి వచ్చినా వద్దు. అమ్మ కూడా ఆ బండి తోస్తుంది కాబట్టి బ్రేకు కాలి వేళ్ళతో పైకి లేపేది కాకుండా నొక్కితే పడేది, నొక్కితే వదిలేది చూడు. చెప్పులేసుకున్న కాలికి పైకి లేపే బ్రేకు నరకం.

ఇక బస్సు. లండన్ బస్సులో చక్రాల కుర్చీకి ఉండే ఖాళీ జాగాలోనే పిల్లల బండ్లు కూడా పెట్టుకోనిస్తారు. కానీ చక్రాల కుర్చీలో ఎవరైనా ఎక్కితే ఆ జాగా వాళ్ళది. బండి పక్కకి జరపాలి, లేదా మడవాలి, లేదా దిగాలి. ఈ తగాదా ఈ దేశపు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2012లో డగ్ పాలీ అనే ఆయన చక్రాల కుర్చీలో లీడ్స్ వెళ్ళే బస్సు ఎక్కబోతే, పిల్లాడు నిద్రపోతున్నాడు, బండి మడవడం కుదరదని ఒకామె జరగలేదు. ఆయన ఎక్కలేకపోయాడు. 2017 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది. డ్రైవరు ఒకసారి మర్యాదకి అడిగి వదిలేస్తే చాలదు, ఇంకా ఒత్తిడి చెయ్యాలి అని. ఆయన పట్టుదల న్యాయమైనదే. కానీ నిద్రపోయే బిడ్డతో ఉన్న ఆ తల్లి చెమటలు కూడా నాకు అర్థమవుతాయి. అందుకే బస్సులో తిరిగేవాళ్ళకి మడత పెద్ద విషయం. 14 కిలోల రథం కదిలే బస్సులో మడవడం అయ్యే పని కాదు.

మడవలేక దిగాల్సి వచ్చినా డబ్బులు పోతాయని బాధ పడకు. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపు ఎక్కే బస్సులకి మళ్ళీ ఛార్జీ పడదు, అదే కార్డు వాడితే చాలు. ఎక్కాక బ్రేకు వెయ్యి, ఒక చెయ్యి బండి మీదే ఉంచు. ట్యూబ్‌లో, అంటే ఇక్కడి మెట్రో రైల్లో వెళ్ళేటప్పుడు మెట్లు లేని స్టేషన్లు ఏవో చూపించే మ్యాప్ విడిగా ఉంటుంది, అది ఫోన్‌లో పెట్టుకో. ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం స్టేషన్లన్నిటిలో రోడ్డు నుంచి ప్లాట్‌ఫామ్ దాకా మెట్లు లేకుండా వెళ్ళొచ్చు. అది మీకు దగ్గరే కాబట్టి, కాస్త చుట్టు తిరుగుడైనా దానిలో వెళ్ళడమే నయం. బిడ్డ బండిలో ఉండగా ఎస్కలేటర్ మాత్రం వద్దు, పక్కవాళ్ళు 'మేం పట్టుకుంటాం' అన్నా వద్దు.

అసలు మొదటి రెండు నెలల్లో ఎన్నిసార్లు బయటికి వెళ్తావో ఒకసారి లెక్కేసుకో. మొదటి రోజుల్లో మిడ్‌వైఫ్ (కాన్పు చూసే నర్సు) ఇంటికే వస్తుంది. రెండో వారంలో హెల్త్ విజిటర్ (పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సు) కూడా ఇంటికే వస్తుంది. జననం నమోదు 42 రోజుల్లోపు చెయ్యాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య డాక్టరు చూస్తారు, ఎనిమిది వారాలకి మొదటి టీకాలు. జనవరి చలిలో, అమ్మ కాపలాలో, అంతకు మించి నిన్ను గడప దాటనిస్తారని నేననుకోను. ఈ కొద్దిపాటి ప్రయాణాలకి ఒక మంచి స్లింగ్ చాలు. బిడ్డని ఛాతీకి కట్టుకునే గుడ్డ అది. మెట్లకీ బస్సుకీ దాన్ని మించింది లేదు. ఇక్కడ స్లింగ్ లైబ్రరీలని ఉంటాయి. రకరకాలవి కట్టి చూపిస్తారు, నచ్చింది కొన్ని వారాలకి అద్దెకిస్తారు. కట్టుకున్నాక నువ్వు చూసుకోవలసింది ఇదే: గుడ్డ బిగుతుగా ఉండాలి, బిడ్డ ముఖం నీకు కనబడుతూ ఉండాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టేంత దగ్గరగా ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, వీపుకి ఆసరా ఉండాలి. అమ్మ పాత చీరతో తనే కట్టేస్తానంటుంది. ఉయ్యాలకి ముడి వెయ్యడం వేరు, నడిచే మనిషికి బిడ్డని కట్టడం వేరు అని మెత్తగా చెప్పు.

కార్ సీటు సంగతి నువ్వు అడగలేదు కానీ షాపువాళ్ళు దాంతోనే భయపెట్టి ఉంటారు. కారులో వెళ్తేనే కార్ సీటు. నడిచో బస్సులోనో ఇంటికి వెళ్తే చట్టం దాన్ని అడగదు. టాక్సీలోనో మినీక్యాబ్‌లోనో వెళ్తే, డ్రైవరు దగ్గర తగిన సీటు లేకపోతే మూడేళ్ళలోపు పిల్లలు వెనక సీట్లో అది లేకుండా వెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ అది చట్టం మాట. డ్రైవరు బ్రేకు కొడితే ఒళ్ళో ఉన్న బిడ్డని ఎవరూ ఆపలేరు. అందుకని నా సలహా, మీకు బాగా తెలిసినవాళ్ళ దగ్గర, యాక్సిడెంట్ కాని సీటని గట్టిగా చెప్పగలిగినవాళ్ళ దగ్గర, మామూలు సీటు బెల్టుతో బిగించే చిన్న పిల్లల సీటు ఆ ఒక్క రోజుకి అడిగి తీసుకోండి. కారులో ముందే బిగించి ఉంచే బేస్ అవసరమయ్యే రకమైతే క్యాబ్‌లో పనికిరాదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర పాత కార్ సీటు మాత్రం ఎప్పుడూ కొనొద్దు. గుద్దుకున్న సీటు పైకి బాగానే కనబడుతుంది. మీ హాస్పిటల్ పద్ధతి ఏమిటో మిడ్‌వైఫ్‌ని ముందే అడుగు. ట్రావెల్ సిస్టమ్‌లో సగం ఆకర్షణ ఆ కార్ సీటు నేరుగా బండికి తగిలించడమే కదా. కారే లేని మీకు ఆ సౌకర్యం దేనికి? పైగా కార్ సీటులో బిడ్డని గంటల తరబడి నిద్రపుచ్చకూడదు.

సెకండ్ హ్యాండ్ తప్పా అన్నావు. పిల్లల బండి విషయంలో అస్సలు తప్పు కాదు, తెలివి. ఈ ఊళ్ళో పిల్లల బండ్లు ఆరు నెలలు తిరిగి మూడేళ్ళు అల్మారాలో పడుంటాయి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, గమ్‌ట్రీ అనే పాత సామాన్ల వెబ్‌సైట్, మీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు, ఎన్.సి.టి. అనే తల్లిదండ్రుల సేవాసంస్థ వాళ్ళు పెట్టే పాత సామాన్ల అమ్మకాలు, అన్నీ చూడు. ఫొటో చూసి డబ్బులు పంపకు. వెళ్ళి చూసి, తోసి, అప్పుడే ఇవ్వు.

వెళ్ళాక ముందు చట్రం పట్టుకుని అటూ ఇటూ ఊపు. కిర్రుమంటే ఫర్లేదు, కాస్త నూనె వేస్తే పోతుంది. ఊగిసలాడితే వద్దు. ఏటవాలు చోట బ్రేకు వేసి తోసి చూడు. విప్పినప్పుడు రెండు లాకులు పడాలి, ఒకటే పడి రెండోది అరిగిపోయి ఉంటే బిడ్డతో సహా ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. బెల్టులు ఐదు చోట్ల బిగించేవి కావాలి: రెండు భుజాలు, రెండు నడుము వైపులు, కాళ్ళ మధ్య ఒకటి. బి.ఎస్. ఇ.ఎన్. 1888 అని ప్రమాణం గుర్తు ఎక్కడో కుట్టి ఉంటుంది, వెతుకు. మడత కీళ్ళ దగ్గర ప్రత్యేకంగా చూడు. 2009లో ఇదే మెక్లారెన్ పేరు మీద అమ్మిన బగ్గీల కీళ్ళలో పిల్లల వేళ్ళు నలిగిపోయాయని అమెరికాలో పది లక్షల దాకా బండ్లు రీకాల్ చేశారు, కీళ్ళకి తొడుగులు పంచారు. కాబట్టి మోడల్ పేరు రాసుకుని, దానికి రీకాల్ ఉందేమో నెట్‌లో ఒకసారి చూసుకో. లోపలి పరుపు పాతదైతే కొత్తది కొను. చక్రాలు గాలివైతే పంక్చర్లు నీ నెత్తిన పడతాయి, రబ్బరువో ఫోమ్‌వో తీసుకో.

నా లెక్క చెప్తాను. చదునుగా పడుకునే తేలిక బగ్గీ సెకండ్ హ్యాండ్‌లో 70 నుంచి 110 పౌండ్ల మధ్య వచ్చేదాకా ఓపిక పట్టు. వాన కవరు, కాళ్ళ దగ్గర వెచ్చగా ఉండే ఫుట్‌మఫ్ కలిసి 40 లోపు. స్లింగ్ అద్దెకి పాతిక వేసుకో. రెండేళ్ళ తర్వాత ఆ బగ్గీని కొన్న ధరకి కాస్త తక్కువలో మళ్ళీ అమ్మేస్తావు. కింద తాళం గది దొరికితే మాత్రం క్యారీకాట్ ఉన్న పెద్ద ప్రామ్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకో. మొదటి ఆరు నెలలు బిడ్డకి అదే రాజభోగం.

ఎవరైనా 'గవర్నమెంట్ 500 పౌండ్లు ఇస్తుంది, అప్లై చెయ్యి' అని చెప్పొచ్చు. ష్యూర్ స్టార్ట్ మెటర్నిటీ గ్రాంట్ అంటారు దాన్ని. అది కొన్ని బెనిఫిట్లు తీసుకునేవాళ్ళకి. మీ వీసాలో పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, తీసుకోకూడదని ఉంటే దాని జోలికి పోవద్దు, వీసాకే చిక్కు.

వాడేటప్పుడు రెండు విషయాలు, అవీ అమ్మకి వినబడేలా చదువు. ఒకటి, గాలి తగులుతుందనో దిష్టి తగులుతుందనో బండి మీద గుడ్డ కప్పకూడదు. పల్చటి చున్నీ అయినా సరే. లోపల గాలి ఆడదు, వేడెక్కిపోతుంది, బిడ్డ ఎలా ఉందో కనబడదు. వాన కవరు కూడా బస్సులోకో షాపులోకో రాగానే తీసేయాలి, లావు కోటూ విప్పాలి. రెండు, హ్యాండిల్‌కి సంచులు తగిలించకూడదు. ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో గోంగూర, మునక్కాయలు, చింతపండు కనబడితే అమ్మ ఆగదని నాకు తెలుసు. మా అమ్మ ఆగలేదు. నాలుగు సంచులు తగిలించింది, పిల్లాణ్ణి నేను చేతుల్లోకి ఎత్తుకున్న మరుక్షణం బండి వెల్లకిలా పడింది. ఒక్క క్షణం ముందైతే పిల్లాడు అందులో ఉన్నాడు. అప్పటి నుంచి కూరగాయలకి భుజాన సంచి, బియ్యానికి డెలివరీ.

వేసవిలో గుంటూరు వెళ్తే బగ్గీ విమానం తలుపు దాకా తోసుకెళ్ళి అక్కడ ఇవ్వనిస్తాయి చాలా ఎయిర్‌లైన్లు, టికెట్ కొనేటప్పుడు ఒకసారి అడుగు. ఊళ్ళో మాత్రం అది వాడతావని నమ్మకం పెట్టుకోకు. ఎత్తుకునేవాళ్ళు వంతులేసుకుని ఉంటారు.

ఇక అత్తగారు. పుట్టకముందు వస్తువులు ఇంట్లోకి తేవద్దన్న మాటని నేను కొట్టిపారేయను. కొన్ని తరాల భయం అది, ఊరికే పుట్టలేదు. ఇక్కడి వాళ్ళలోనూ ఈ పట్టింపు ఉంది, డబ్బు కట్టించుకుని కాన్పు అయ్యేదాకా బండిని తమ దగ్గరే ఉంచే షాపులు అందుకే ఉన్నాయి. నువ్వు సెకండ్ హ్యాండ్‌ది కొంటావు కాబట్టి, కొన్నాక ఎవరైనా స్నేహితురాలి ఇంట్లో పెట్టు. బిడ్డ పుట్టాక మీ ఆయన వెళ్ళి తెచ్చుకుంటారు. అత్తగారి మాట దక్కుతుంది, నీ పనీ అవుతుంది.

రంగు దగ్గరే కష్టం. సెకండ్ హ్యాండ్‌లో దొరికే బండ్లు చాలావరకు నల్లవే, మరకలు కనబడవని అందరూ అవే కొంటారు. మంచి బండి నల్లగా దొరికితే వదులుకోకు. అత్తగారు వీడియో కాల్‌లో చూసి ముఖం చిట్లిస్తే, బిడ్డ బుగ్గ మీద దిష్టి చుక్క ఏ రంగులో పెట్టమంటారో అడుగు.